ఇంటిలో వెలసిన టెలిఫోను: ఆంటోనియో మెయూచి జీవితము

టెలిఫోనును కనిపెట్టినది ఎవరని ప్రశ్నించినచో అలెగ్జాండర్ గ్రాహంబెల్ అని ప్రాథమిక పాఠశాల విద్యార్థి సైతము తడుముకొనక చెప్పును. పరీక్షలో ఒక మార్కునకు ఆ సమాధానము చాలును. కాని శాస్త్రచరిత్ర ఒక మార్కు ప్రశ్నతో ముగియునది కాదు. బెల్ పేటెంటు పొందుటకు ఇంచుమించు 20 ఏండ్లకు ముందే, న్యూయార్కు నగరమునకు చేరువనున్న స్టేటన్ ద్వీపములో, ఒక ఇటలీ దేశస్థుడు తన ఇంటిలోనే ఒక గదినుండి మరియొక గదికి తీగ లాగి, దాని వెంట మనుష్యుని మాటను పంపుటకు పూనుకొనెను. కీళ్ళవాతముతో మంచము పట్టిన భార్య పిలిచిన పిలుపు క్రింది పనిశాలలో తనకు వినబడవలెనని ఆయన కోరిక. ఆయన పేరు ఆంటోనియో మెయూచి. ఆయన జీవితమున ప్రతిభ యెంత కలదో దురదృష్టమును అంత కలదు. న్యాయాన్యాయములను తూచిచూచువారికి నేటికిని తెగని యొక చిక్కుప్రశ్నయు కలదు.

మెయూచి 1808 ఏప్రిల్ 13వ తేదీన ఫ్లోరెన్సు నగరమున జన్మించెను. తొమ్మండుగురు సంతానములో ఆయన జ్యేష్ఠుడు. 1821లో, 13 ఏండ్ల ప్రాయమున, ఆ నగరములోని లలితకళల అకాడమీలో చేరి రసాయన, యంత్రశాస్త్రములను అభ్యసింప నారంభించెను. రెండేండ్లు గడచునప్పటికి చదువునకు డబ్బు చాలలేదు. నగర ద్వారముకడ కావలి సహాయకునిగాను, సుంకపు ఉద్యోగిగాను పనిచేయుచు మిగిలిన వేళల చదువు సాగించెను. నాటి ఇటలీ ఒక్క దేశముగా లేదు. చిన్న చిన్న రాజ్యములుగా చీలి పరుల పెత్తనమునకు లోబడియుండెను. దేశమును ఏకము చేయవలెనను ఉద్యమముతో సంబంధము కలదను అనుమానముపై మెయూచి కొంతకాలము చెరసాలలో నుండవలసివచ్చెను.

పిమ్మట ఆయనకు ఫ్లోరెన్సులోని పెర్గోలా నాటకశాలలో రంగస్థల యంత్రములను చూచు పని దొరకెను. తెరలు లాగువారు, దీపములు మార్చువారు, పైన త్రాళ్ళకడ నిలుచువారు ఒకరికొకరు కనబడరు. ప్రదర్శన నడచుచుండగా కేకలు వేయుటకును వీలులేదు. ఈ చిక్కు తీర్చుటకై మెయూచి 1834లో రంగస్థలమునకును, పనివారుండు పై గదికిని నడుమ ఒక గొట్టమును అమర్చెను. ఒక కొసను నోటికి ఆనించి మెల్లగా మాటాడినను రెండవ కొసన చెవి యొగ్గినవానికి స్పష్టముగా వినబడును. గొట్టములోని గాలి మాటను చెదరిపోనీయక మోయును. అంతే అందలి రహస్యము. విద్యుత్తుతో దానికి పనిలేదు. అయినను, దూరముగా నున్న మనిషికి కేక వేయక మాట వినిపించుట యెట్లు అను ప్రశ్న ఆయన మనస్సున నాటుకొన్నది అక్కడనే. ఆ యేటనే ఆగస్టు 7వ తేదీన ఆయన అదే నాటకశాలలో వేషముల దుస్తులు సిద్ధపరచు ఎస్తేరు మోచిని పెండ్లాడెను.

1835 అక్టోబరులో దంపతులు ఒక నాటక బృందముతో స్వదేశము విడిచి క్యూబా ద్వీపములోని హవానా నగరమునకు ఓడ యెక్కిరి. అచ్చటి టకోన్ నాటకశాలలో భర్త యంత్రముల పనికిని, భార్య దుస్తుల పనికిని పెద్దలైరి. తీరిక వేళల మెయూచి విద్యుత్తును గూర్చిన గ్రంథములను చదివి, సైన్యపు కత్తులకును లోహపు పరికరములకును విద్యుత్తుతో పూత పెట్టు పని సంపాదించెను. ఆ రోజులలో నొప్పులకు విద్యుత్తుతో చికిత్స చేయుట ఒక కొత్త వాడుక. మెయూచియు దానిని ప్రయత్నించెను. 1849లో ఒక రోగి నోటికడ రాగి పరికరమును ఉంచి, తాను మరియొక గదిలో నుండి తీగద్వారా విద్యుత్తును పంపినప్పుడు, బాధతో రోగి చేసిన ధ్వని తనచేతిలోని పరికరమున వినబడినట్లు ఆయన తరువాతి కాలమున న్యాయస్థానమున చెప్పెను. దాని నిజానిజములను నేడు తేల్చుట కష్టము. ఆ దినమునుండి మాటను తీగపై పంపవలెనను తలంపు మాత్రము ఆయనను విడువలేదు.

1850లో మెయూచి దంపతులు న్యూయార్కు చేరి స్టేటన్ ద్వీపములోని క్లిఫ్టన్‌లో కాపురముండిరి. ఆ సంవత్సరముననే ఇటలీ స్వాతంత్ర్యవీరుడు గారిబాల్డి స్వదేశమున ఓటమి పొంది, ప్రవాసిగా అమెరికా వచ్చి వారి యింట ఆశ్రయము పొందెను. మెయూచి ఒక కొవ్వొత్తుల కర్మాగారము పెట్టెను. రాజులను గడగడలాడించిన గారిబాల్డి అందు చేతులు కాలునట్లు వేడి కొవ్వుతో పనిచేసి పొట్టపోసికొనెను. మెయూచికి ఇంగ్లీషు భాష పట్టుబడలేదు. ఆయన స్నేహితులందరును ఇటలీవారే. పరదేశమున నున్నను ఇంటనుండు ఈ సుఖము ఆ దినములలో ఆయనకు ఊరటనిచ్చెను. తరువాతి కాలమున అదియే ఆయనకు పెద్ద అడ్డంకి యయ్యెను.

ఇంతలో ఎస్తేరుకు కీళ్ళవాతము ముదిరి, 1850 దశకము నడుమ ఆమె పై అంతస్తులోని గదిని విడిచి రాలేని స్థితికి వచ్చెను. మెయూచి పని యంతయు నేలమాళిగలోను, పెరటిలోని పనిశాలలోను. ఆమెకు దాహమైనను, నొప్పి హెచ్చినను పిలిచిన పిలుపు ఆయనకు వినబడదు. 1854, 1856 సంవత్సరముల నడుమ ఆయన ఆమె గదినుండి పనిశాలకు తీగ లాగి, రెండు కొసలను మాటాడు పరికరములను అమర్చెను. ఆ పరికరమునకు ఆయన పెట్టిన పేరు టెలెట్రోఫోను. వచ్చిన నమూనాతో తృప్తిపడక, దానిని విప్పి, మార్చి, మరల కట్టెను. పలుచని రేకు, దాని వెనుక తీగ చుట్టిన అయస్కాంతము, బ్యాటరీ ఇవి వానిలో కొన్నింటి భాగములు. 1870 నాటికి ఇట్టి నమూనాలు 30కి పైగా తయారైనవని ఆయన పక్షమువారు లెక్కించిరి.

ఇచట విద్యార్థులు గమనింపదగిన విషయ మొకటి కలదు. మోర్సు 1844లోనే తంతి వార్తను వాషింగ్టన్‌నుండి బాల్టిమోరుకు పంపెను. తంతికి విద్యుత్తును కలుపుట, త్రెంచుట అను రెండు స్థితులు చాలును. ఆ కలిపి త్రెంచిన వ్యవధులనే చుక్కలుగా, గీతలుగా చదివికొందురు. మాట అట్టిది కాదు. మనము పలికినప్పుడు గాలి సెకనుకు వందల, వేల పర్యాయములు హెచ్చుతగ్గులతో కంపించును. ఆ కంపనములోని ప్రతి వంపును విద్యుత్ప్రవాహము తానును అట్లే హెచ్చి తగ్గుచు అనుసరింపవలెను. రెండవ కొసన ఆ ప్రవాహము రేకును మరల అట్లే కదలింపవలెను. టెలిఫోనులోని మర్మమంతయు ఇదియే. దీనిని మెయూచి తన చేతులతో ఎంతవరకు సాధించెను, దానిని కాగితముపై ఎంతవరకు చెప్పగలిగెను అనునవి వేరువేరు ప్రశ్నలు. ఆయన జీవితము ఈ రెండు ప్రశ్నల నడుమ నలిగిపోయినది.

కొవ్వొత్తుల వ్యాపారము దివాలా తీసెను. 1861లో ఇల్లు వేలమునకు వచ్చెను. కొన్నవాడు దయదలచి వృద్ధ దంపతులను అందే యుండనిచ్చెను. 1860లో మెయూచి తన పరికరమును న్యూయార్కులో ప్రదర్శించెననియు, అచటి ఇటాలియను పత్రిక యొకటి దానిని వర్ణించెననియు చెప్పుదురు. ఆ వర్ణన గల సంచిక మాత్రము దొరకలేదు. 1871 జూలై 30వ తేదీన మరియొక విపత్తు సంభవించెను. న్యూయార్కునకును స్టేటన్ ద్వీపమునకును నడుమ తిరుగు వెస్ట్‌ఫీల్డ్ అను ఆవిరి ఓడలో బాయిలరు ప్రేలి 80 మందికి పైగా మరణించిరి. ఆ ఓడలోనున్న మెయూచి ఒడలు కాలి చావు తప్పి బయటపడెను. ఆయన నెలల తరబడి మంచము పట్టి యుండగా, వైద్యమునకును తిండికిని డబ్బు లేక ఎస్తేరు ఆయన పనిశాలలోని పరికరములను ఒక పాతసామానుల వర్తకునికి 6 డాలర్లకు అమ్మివేసినదట. ఎవరి పిలుపు వినుటకై ఆ పరికరములు పుట్టినవో ఆమె చేతిమీదుగనే, ఆయన ప్రాణము నిలుపుటకై, అవి ఇల్లు విడిచిపోయినవి. కోలుకొన్న పిమ్మట ఆయన వానికై వెదకెను గాని అప్పటికే అవి చేతులు మారినవి.

అమెరికా చట్టమున పేటెంటు అనగా ఒక నూతన నిర్మాణముపై కర్తకు కొన్ని యేండ్లపాటు ఉండు ప్రత్యేక హక్కు. ఆనాడు దానిని పొందుటకు రుసుము, వకీలు ఖర్చు, పటముల ఖర్చు కలిసి సుమారు 250 డాలర్లగుచుండెను. మెయూచియు, ఆయనతో చేరిన ముగ్గురు ఇటాలియను మిత్రులును అంత సొమ్ము కూర్చలేకపోయిరి. అంతకు చౌకయైన మార్గమొకటి యుండెను. దానిని కేవియట్ అనెడివారు. తాను ఒక నిర్మాణముపై పని చేయుచున్నానని పేటెంటు కార్యాలయమునకు ముందుగా తెలుపుకొను విజ్ఞాపన అది. ఏడాదికొకమారు 10 డాలర్లు చెల్లించుచు దానిని నిలుపుకొనవలసి యుండెను. మెయూచి 1871 డిసెంబరు 28వ తేదీన ధ్వని తంతి అను పేరుతో కేవియట్ దాఖలు చేసెను. 1872లోను, 1873లోను దానిని పొడిగించెను. 1874 డిసెంబరు నాటికి 10 డాలర్లు దొరకలేదు. కేవియట్ కాలము చెల్లిపోయెను.

ఈ నడుమ 1872లో ఆయన న్యూయార్కులోని ఒక తంతి కంపెనీ అధికారిని కలసి, తన పరికరమును వారి తీగలపై పరీక్షింపవలసినదిగా కోరెను. రెండేండ్లు తిరిగి తిరిగి వేసారిన పిమ్మట, తాను ఇచ్చిన కాగితములు కనబడుట లేదను జవాబు వచ్చెనని ఆయన చెప్పెను.

1876 ఫిబ్రవరి 14వ తేదీన గ్రాహంబెల్ తన దరఖాస్తును దాఖలు చేసెను. ఆ దినముననే ఎలైషా గ్రే అను మరియొక శాస్త్రజ్ఞుడు అదే విషయముపై కేవియట్ సమర్పించెను. మార్చి 7వ తేదీన బెల్‌కు 1,74,465 సంఖ్య గల పేటెంటు లభించెను. 10వ తేదీన ఆయన పరికరములో మనుష్యుని మాట స్పష్టముగా వినబడెను. బెల్‌ను మెయూచి కథలోని దుష్టపాత్రగా చిత్రించుట కొందరికి పరిపాటి. అది ధర్మము కాదు. బెల్ చెవిటి పిల్లలకు మాట నేర్పు ఉపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి మందము, ఆయన పెండ్లాడిన మేబెల్ చిన్ననాట జ్వరముచే చెవుడు పొందినది. పై గదినుండి కదలలేని ఇల్లాలు మెయూచిని ఈ దారి పట్టించెను. చెవి వినబడని తల్లియు, ప్రియురాలును బెల్‌ను ధ్వనిశాస్త్రము వైపు నడపిరి. ఇరువురి శ్రమకును మూలము ఇంటిలోని బాధయే.

తరువాతి కాలమున గ్లోబ్ టెలిఫోన్ కంపెనీ అనునది మెయూచి హక్కులను తీసికొని టెలిఫోను వ్యాపారమునకు దిగగా, బెల్ కంపెనీ దానిపై దావా వేసెను. మెయూచి సాక్ష్యమిచ్చెను. ఆయన యింట ఆ పరికరముల ద్వారా మాటలు విన్నామని పలువురు సాక్షులు చెప్పిరి. 1887 జూలై 19న న్యాయమూర్తి వాలెస్ ఆయనకు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. మెయూచి పరికరము మాటను చేరవేసినను, ఆ పని చేసినది విద్యుత్తు కాదు, బిగువైన తీగయే యని ఆ తీర్పు సారాంశము.

ఈ తీర్పులోని మెలిక తెలియుటకు మన పిల్లల ఆట యొకటి చాలును. తెలుగునాట ఏ పల్లెలోనైనను పిల్లలు రెండు అగ్గిపెట్టెలకు దారము కట్టి, దానిని బిగువుగా లాగి, ఒకరు మాటాడగా మరియొకరు విందురు. అచట మాటను మోయునది దారము యొక్క కదలికయే. దారము వదులైనను, గోడ మూలకు తగిలినను, నడుమ ఎవరైన వ్రేలితో పట్టుకొనినను మాట ఆగిపోవును. విద్యుత్తుచే నడచు టెలిఫోనునకు ఈ బాధలేదు. తీగ ఎన్ని మలుపులు తిరిగినను, ఎంత వదులుగా వ్రేలాడినను, ప్రవాహము సాగినంతకాలము మాట సాగును. మెయూచి ఇంటి తీగ ఈ రెండింటిలో ఏ జాతిదో రుజువు చేయగల పరికరములు 6 డాలర్లకు అమ్ముడుపోయినవి. మిగిలిన సాక్ష్యములలో ఒకటి ఆయన కేవియట్. అందు తీగ, వినువాడు, చెప్పువాడు కలరు గాని, ధ్వని విద్యుత్తుగా మారు తీరు స్పష్టముగా లేదు.

ఆయనకు ప్రతికూలముగా మరియొక వాదము కలదు. 10 డాలర్లు లేవని చెప్పుకొన్న కాలముననే ఆయన 1872లో పానీయములకును, 1873లో వంటలో వాడు ఒక రసమునకును పేటెంట్లు పొందియుండెను. టెలిఫోనుపై నిజముగా నమ్మకముండినచో దానికే ఆ సొమ్ము వెచ్చించి యుండడా యని ప్రత్యర్థుల ప్రశ్న. ఆ చిన్న వస్తువులకు వెంటనే మదుపు పెట్టువారు దొరకిరి, టెలిఫోనును ఆటవస్తువుగా తలచిరి అని ఆయన పక్షము సమాధానము. రెండు వాదములను విని తీర్పు చెప్పుకొనుట చదువరుల వంతు.

ఎస్తేరు 1884లో మరణించెను. అమెరికా ప్రభుత్వము బెల్ పేటెంటును రద్దుచేయింపగోరి 1887లో వేరుగా దావా ప్రారంభించెను. అది నడచుచుండగనే మెయూచి 1889 అక్టోబరు 18న, 81వ యేట, అదే యింట కన్నుమూసెను. ఆ పేటెంటు గడువు 1893లో ముగిసెను. దావాయు 1897లో తీర్పు లేకయే మూతపడెను. ఆయన నివసించిన ఇల్లు నేడు గారిబాల్డి, మెయూచిల పేర ఒక ప్రదర్శనశాలయై యున్నది. 2002 జూన్ 11న అమెరికా ప్రతినిధుల సభ మెయూచి కృషిని గౌరవింపవలెనని తీర్మానించెను. పది దినములలో, జూన్ 21న, కెనడా పార్లమెంటు బెల్‌నే టెలిఫోను నిర్మాతగా కీర్తించుచు మరియొక తీర్మానము చేసెను. శాస్త్ర సత్యమును చట్టసభల ఓట్లు తేల్చజాలవని ఈ రెండు తీర్మానములును కలిసి నేర్పుచున్నవి.

మెయూచి తన ఇంటికి కోరిన సదుపాయము నేడు సామాన్య గృహస్థునికి అందుబాటులోనున్నది. 2016 వరకు నల్లగొండ జిల్లాలోనుండి, ఆ యేట సూర్యాపేట జిల్లాలో చేరిన తిరుమలగిరిలో ఒక మేడయిల్లు కలదనుకొందము. పై గదిలో లేవలేని పెద్దలు, క్రింద పనిలోనున్న కోడలు. ఇంటర్నెట్ కొరకు ఇంటిలో పెట్టుకొన్న రూటరునకు అరచేతిలో పట్టునంతటి చిన్న కంప్యూటరు నొకదానిని కలిపి, అందు ఎక్స్ఛేంజి పనిచేయు సాఫ్ట్‌వేరును నింపినచో, ఆ యింటికి సొంత టెలిఫోను ఎక్స్ఛేంజి యేర్పడును. ప్రతి గదిలోని ఫోనునకు 101, 102 అని ఒక్కొక్క సంఖ్య నిచ్చిన చాలును. ఎవరు ఎవరిని పిలుచుచున్నారో చూచి గంట మ్రోగించుట ఆ చిన్న యంత్రము పని. మాట పయనించు తీరు మాత్రము మారినది. ధ్వని సెకనుకు 8,000 పర్యాయములు కొలువబడి, ప్రతి కొలతయు 8 బిట్ల అంకెగా మారును. అనగా సెకనుకు 64,000 బిట్లు. ఇరువదేసి మిల్లీసెకన్ల మాటను ఒక్కొక్క పొట్లముగా కట్టి, సెకనుకు 50 పొట్లముల చొప్పున పంపుదురు. రెండవ ఫోను వానిని విప్పి వరుసగా పేర్చి మరల ధ్వనిగా మార్చును. ఊరికి వచ్చు ఇంటర్నెట్ నిలిచిపోయినను, ఇంటిలో కరెంటు ఉన్నంతవరకు గదికి గదికి నడుమ ఈ మాటలు ఆగవు.

అట్టి సాఫ్ట్‌వేరులలో ప్రసిద్ధమైనది ఆస్టరిస్క్. దానిని 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అను విద్యార్థి వ్రాసెను. తాను పెట్టిన చిన్న వ్యాపార సంస్థకు టెలిఫోను ఎక్స్ఛేంజి కొనుటకు డబ్బు చాలక ఆయన తానే యొకటి తయారుచేసికొనెను. పేదరికము మెయూచిని అడ్డగించిన చోటనే అది స్పెన్సరుకు దారి చూపినది. ఇందులకు కారణము లేకపోలేదు. స్పెన్సరు తాను వ్రాసిన ప్రతి పంక్తిని లోకమునకు బయలుపరచెను. ఎవరైనను చదువవచ్చును, వాడవచ్చును, దిద్దవచ్చును. మెయూచి జ్ఞానము ఆయన చేతులలోను, ఇంగ్లీషువారికి తెలియని భాషలోను, అమ్ముడుపోయిన సామానులోను ఉండిపోయెను. అడుగువారు వచ్చునాటికి చూపుటకు ఏమియు మిగులలేదు.

మన బడులలో నైపుణ్యము గల పిల్లలకు కొదువ లేదు. రేడియో విప్పి బాగుచేయువాడు, పాత మోటారుతో పంకా త్రిప్పువాడు ప్రతి యూర నుందురు. వారు చేసినది వారితోనే పోవుట మనకు అలవాటైనది. అగ్గిపెట్టెల ఫోను కట్టిన పిల్లవానిచేత దారము పొడవెంత, వదలినప్పుడేమైనది, తీగ వాడినప్పుడేమైనది అని తేదీతో, పటముతో నోటుపుస్తకమున వ్రాయించి, ప్రక్కన ఒక సహాధ్యాయిచేత సాక్షి సంతకము పెట్టించు ఉపాధ్యాయుడు ఆంటోనియో మెయూచికి తగిన స్మారకమును కట్టినవాడగును.